ఇంటి రూటరు: పెట్టెమీది అంకెలు, పెట్టెలోని పని

ఉప్పల్ కూడలినుండి నాచారమునకు పోవు దారిలో ఎక్కడ నిలిచి తలయెత్తినను విద్యుత్ స్తంభములపై నల్లని తీగల కట్టలు కనబడును. అందు కొన్ని టెలివిజను తీగలు. పెక్కు ఇంటర్నెట్టును మోయు గాజుపోగులు. ఒక్కొక్క పోగు ఒక్కొక్క అపార్టుమెంటులోనికి దిగి, మెట్లవెంట ప్రాకి, ఏదో ఒక గదిలో గోడకు బిగించిన చిన్న పెట్టెలో ముగియుచున్నది. ఆ పెట్టెయో, దాని ప్రక్కనున్న మరియొక పెట్టెయో రూటరు. ఇంటిలో ఫ్రిజ్ తరువాత రేయింబవళ్లు ఆగక నడచు యంత్రమిది. అయినను ఫ్రిజ్ కొనునపుడు పదిమందిని విచారించు గృహస్థుడు రూటరు కొనునపుడు అట్టపెట్టెమీది పెద్ద అంకెను చూచి డబ్బు చెల్లించి వచ్చుచున్నాడు. ఆ అంకె దేనిని చెప్పుచున్నది, దేనిని చెప్పక విడిచినది అని పరిశీలించుట అవసరము. ఏలయన, పదవ తరగతి విద్యార్థి పాఠము వినుచుండగా మాట తెగిపోయినపుడు, అట్టమీది అంకె ఎంత పెద్దదైనను ప్రయోజనము లేదు.

మొదట ఆ అంకెనే చూతము. "ఏసీ 1200" అని ఒక పెట్టెమీద, "ఏఎక్స్ 3000" అని వేరొకదానిమీద ముద్రించియుండును. ఇవి సెకనుకు ఇన్ని మెగాబిట్లు అను అర్థమిచ్చు సంఖ్యలు. కాని వీనిని కట్టిన విధము విచిత్రము. రూటరులో సాధారణముగా రెండు రేడియోలుండును: ఒకటి 2.4 గిగాహెర్ట్జులమీద, రెండవది 5 గిగాహెర్ట్జులమీద పనిచేయును. మొదటిదాని గరిష్ఠవేగము 300, రెండవదానిది 867 అయినచో, రెంటిని కూడి, వచ్చిన 1167ను పైకి సవరించి 1200 అని వ్రాయుదురు. ఏఎక్స్ 3000 అనునది కూడ 574, 2402ల మొత్తమే. ఉప్పల్ నుండి సికింద్రాబాదుకు గంటకు 40 కిలోమీటర్ల వేగముతో రెండు బస్సులు పోవుచున్నచో, ప్రయాణికుడు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నాడని ఎవ్వరును చెప్పరు. ఫోను కూడ మామూలుగా ఒకప్పుడు ఒక రేడియోతోనే మాటలాడును. పైగా 2402 అను వేగము రావలెనన్నచో 160 మెగాహెర్ట్జుల వెడల్పుగల మార్గము కావలెను. చాల ఫోన్లు 80 మెగాహెర్ట్జుల వరకే గ్రహింపగలవు, వానికి సగమే దక్కును. గాలిలో ఒకే మార్గమును అందరు వంతులవారీగా వాడుకొనవలెను గనుక, ఆ సగములో కూడ కొంత భాగము వంతులు పంచుకొనుటకే పోవును.

ఇంకొక వింత కలదు. టీపీ-లింక్ వారి ఆర్చర్ సీ50 అను రూటరు ఏసీ 1200 తరగతికి చెందినది. కాని దాని తీగ రంధ్రములు సెకనుకు 100 మెగాబిట్లను మాత్రమే పంపగలవు. బయటి తీగద్వారా 100 మాత్రమే వచ్చునపుడు గాలిలో 1200 ఉండి ఇంటర్నెట్టునకు ఒరుగునదేమి? 100 మెగాబిట్ల చందా కట్టు ఇంటికి ఆ పెట్టె చాలును, అందులో దోషము లేదు. తప్పు అంకెను ముందుంచి రంధ్రమును వెనుకకు త్రోయు పద్ధతిది.

రూటరు నిజముగా చేయు పని వేరు. ఇంటర్నెట్టులో ప్రతి సమాచారము చిన్న చిన్న పొట్లములుగా, అనగా ప్యాకెట్లుగా ప్రయాణము చేయును. పెద్ద ప్యాకెట్టు 1500 బైట్లు, అనగా 12,000 బిట్లు. సెకనుకు 100 మెగాబిట్ల తీగమీద ఇట్టివి సెకనుకు 8,333 వచ్చును. 1000 మెగాబిట్ల తీగమీద 83,333. వచ్చిన ప్రతి ప్యాకెట్టు నుదుటి వ్రాతను రూటరు చదువవలెను. అది ఇంటిలోని ఏ ఫోనుకు, ఏ కంప్యూటరుకు చెందినదో పట్టికలో వెదకవలెను. చిరునామా మార్చి వ్రాయవలెను. అడుగకుండ వచ్చిన దానిని వాకిటనే నిలుపవలెను. సెకనుకు 50 కోట్ల చక్రములు తిరుగు ప్రాసెసరు ఉన్నదనుకొనుడు. 83,333 ప్యాకెట్లకు పంచినచో ఒక్కొక్కదానికి 6000 చక్రములు లభించును. ఇది చాలునట్లే కనబడును. కాని ప్యాకెట్లన్నియు పెద్దవి కావు. అత్యల్పమైన 64 బైట్ల ప్యాకెట్లే వరుసగా వచ్చినచో గిగాబిట్ తీగమీద సెకనుకు సుమారు 14 లక్షల 88 వేలు పట్టును. అప్పుడు ఒక్కొక్కదానికి దక్కునవి 336 చక్రములు మాత్రమే. అందుచేతనే చవుక రూటర్లలో ఈ పనిని ప్రాసెసరునకు తగిలింపక, దీనికొరకే మలచిన ప్రత్యేకభాగమునకు అప్పగింతురు. అది వేగముగా చేయును గాని నేర్పినది తప్ప మరియొకటి చేయలేదు. ఈ భేదము ముందు అవసరపడును.

ఇచ్చట స్థానికమైన విషయమొకటి చెప్పుట అసందర్భము కాదు. నాచారము, మల్లాపురము దాటి పోయినచో చర్లపల్లిలో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారి కర్మాగారము కలదు. అణుశక్తి శాఖ 1967లో దీనిని స్థాపించినది. దీనిని తీర్చిదిద్దిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి పేరిటనే సమీపములోని ఏ.ఎస్. రావు నగర్ వెలసినది. ట్రాంబేలో రూపకల్పన చేయబడిన టీడీసీ-12 అను కంప్యూటరు 1969లో వెలువడగా, దానిని ఈ సంస్థ ఉత్పత్తి చేసినది. 12 బిట్ల చిన్న యంత్రమది. నేటి చవుక రూటరులోని ప్రాసెసరు దానికంటె ఎన్నో వేలరెట్లు వేగము గలది. కాని అది వాస్తవకాల యంత్రము. అనగా దాని యోగ్యత ఎన్ని కూడికలు చేయునన్నదానిలో గాక, అడిగిన క్షణమున జవాబు ఇచ్చునా లేదా అన్నదానిలో ఉండెను. రియాక్టరులోని ఉష్ణోగ్రత హెచ్చినదని అరనిమిషము ఆలసించి తెలిపిన లెక్క ఎంత సరియైనదైనను వ్యర్థమే గదా!

రూటరును కూడ ఇదే త్రాసులో తూచవలెను. ఇంటిలో తండ్రి ఉద్యోగపు సమావేశములో మాటలాడుచున్నాడు. అదే సమయమున కుమార్తె ఫోను ఫొటోలన్నిటిని ఎక్కడికో పంపుచున్నది. పైకి పంపు వేగము సెకనుకు 10 మెగాబిట్లు అనుకొందము. రూటరులో నిరీక్షణకొరకు 1000 ప్యాకెట్లు పట్టు గది యున్నచో, ఫొటోలు ఆ గదిని నింపివేయును. 1000 ప్యాకెట్లు అనగా ఒక కోటి 20 లక్షల బిట్లు. అవి ఖాళీ అగుటకు 1.2 సెకన్లు పట్టును. తండ్రి పలికిన ప్రతి మాటయు ఆ వరుస చివర నిలిచి 1.2 సెకన్ల తరువాత బయలుదేరును. సంభాషణ సుఖముగా సాగవలెనన్నచో ఒకవైపు ఆలస్యము 0.15 సెకనుకు మించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము వారి సూచన. ఈ ఇంటివారు ఏమనుకొందురు? "వేగము చాలలేదు" అని చందా పెంచుదురు, లేదా మరింత పెద్ద అంకెగల పెట్టె కొందురు. రోగమొకటి, మందు వేరొకటి.

ఈ రోగమునకు బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెటిస్ అను ఇంజనీరు 2010 ప్రాంతమున దీనిని గుర్తించి ప్రచారము చేసెను. కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ అను శాస్త్రజ్ఞులు 2012లో దీనికి చక్కని చికిత్స చూపిరి: వరుసలో ఎన్ని ప్యాకెట్లున్నవని లెక్కింపక, ఒక్కొక్కటి ఎంతసేపు నిలిచినదని కొలువవలెను; ఆ కాలము 5 మిల్లీసెకన్లు దాటి తగ్గకుండ సాగుచున్నచో కొన్నిటిని పారవేసి పంపువానికి నెమ్మదింపుమని తెలుపవలెను. దీనికి వేర్వేరు వరుసలను న్యాయముగా నడుపు పద్ధతిని చేర్చి 2018లో ఆర్.ఎఫ్.సి. 8290గా ప్రకటించిరి. రేషను దుకాణములో బస్తాలవాడొకడు, చిన్నసంచివాడొకడు వచ్చినచో ఇద్దరికి రెండు వరుసలుగా చేసి చెరియొకసారి పిలుచుటవంటిది ఇది. కాని ఇట్లు నడుపుటకు ప్రతి ప్యాకెట్టు ప్రాసెసరు చేతిమీదుగా పోవలెను. పైన చెప్పిన ప్రత్యేకభాగము సాధారణముగా ఈ పని చేయదు. కావున రూటరులో మంచి ప్రాసెసరు కోరుట దుబారా కాదు. 100 మెగాబిట్ల తీగకు 880 మెగాహెర్ట్జులతో నడచు మీడియాటెక్ ఎంటీ7621 వంటి పాతబడిన చిప్పు కూడ సరిపోవును. గిగాబిట్ తీగమీద ఇదే చికిత్స చేయవలెనన్నచో దానికి శక్తి చాలదు. అట్టమీది పెద్ద అంకె ఈ శక్తిని గూర్చి ఒక్క ముక్కయు చెప్పదు.

ఇక యంత్రము ఎంతకాలము మన్నును? ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నవి. ఒకటి లోహమునకు, ఒకటి సాఫ్ట్‌వేరునకు సంబంధించినది. రెండవదే ముందు చచ్చుచున్నది.

2002 చివర లింక్‌సిస్ వారు డబ్ల్యుఆర్‌టి54జి అను నీలినలుపు రూటరును అమ్మజూపిరి. అందులో లైనక్స్ వాడిరని తెలియవచ్చినందున, దాని అనుమతి నిబంధనల ప్రకారము 2003లో మూలలిపిని వెల్లడింపవలసి వచ్చినది. దానినుండియే 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు పుట్టినది. తరువాత జరిగినది గమనింపదగినది. 2005లో అదే పేరుతో, అదే ఆకారముతో వచ్చిన అయిదవ రూపములో మెమరీని 16 మెగాబైట్లనుండి 8కి, ఫ్లాష్‌ను 4నుండి 2కు తగ్గించిరి. బయటి అట్ట చూచి కొన్నవానికి తాను సగము యంత్రము కొనుచున్నట్లు తెలియదు. లైనక్స్ కోరువారికై పాత పరిమాణముతో వేరుగా ఒక రూపమును అమ్మిరి. నేటికిని ఒకే పేరుక్రింద రూపములు మారుచునే యున్నవి. అడుగున అంటించిన చీటీమీద "వి1", "వి4" అని యుండు చిన్న అక్షరములే అసలు పేరని తెలియుట మేలు.

మెమరీ చాలనిచో ఏమగును? కొత్త సాఫ్ట్‌వేరు పట్టదు. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల మెమరీ గల రూటర్లకు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి 19.07తోనే వీడ్కోలు చెప్పినది. కొత్త సాఫ్ట్‌వేరు రాని రూటరు దీపములు మాత్రము ఎప్పటివలె వెలుగుచుండును. ఇందే ప్రమాదమున్నది. 2016లో మిరాయ్ అను దుష్టక్రమణిక, తయారుచేసిన నాటి సంకేతపదములను మార్చని కెమెరాలలోను రూటర్లలోను దూరి, ఆ యేడు అక్టోబరు 21న అమెరికాలో ప్రసిద్ధమైన అనేక వెబ్‌సైట్లు అందకుండ చేసినది. 2018 మేలో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ కనీసము 54 దేశములలో 5 లక్షల వరకు పరికరములను పట్టినదని పరిశోధకుల అంచనా. అందు పెక్కు ఇంటి రూటర్లు, చిన్న కార్యాలయముల రూటర్లు. యజమానులకు తమ పెట్టె పరులకు ఊడిగము చేయుచున్నదని తెలియనే తెలియదు. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము, ఇట్టి వస్తువులు అమ్మువారు భద్రతా సవరణలు ఏ తేదీవరకు ఇత్తురో ప్రకటింపవలెను; అన్నిటికి ఒకే సంకేతపదము పెట్టరాదు. పాలపొట్లముమీద తేదీ చూచు అలవాటు అందరికి కలదు. రూటరు అట్టమీద ఆ తేదీ సాధారణముగా కనబడదు, అడుగువారును కనబడరు.

లోహము మాట తక్కువది కాదు. రూటరులోను, దాని అడాప్టరులోను ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉండును. వీనిలోని ద్రవము వేడికి మెల్లమెల్లగ ఆవిరియగును. 105 డిగ్రీలవద్ద 2000 గంటలు మన్నునని గుర్తింపబడిన కెపాసిటరు, ప్రతి 10 డిగ్రీలు తగ్గినకొలది రెట్టింపు కాలము మన్నునని వాడుకలోనున్న సూత్రము. 65 డిగ్రీలవద్ద 16 రెట్లు, అనగా 32,000 గంటలు. సుమారు మూడేండ్ల ఎనిమిది నెలలు. 55 డిగ్రీలవద్ద 64,000 గంటలు, ఏడేండ్లు దాటును. హైదరాబాదు మే నెలలో బయటి వేడి 40 డిగ్రీలు దాటును. పైఅంతస్తులో, ఎండకు కాగిన స్లాబు క్రింద, టీవీ బల్ల అరలో తలుపు మూసి, పైన గుడ్డ కప్పియున్న రూటరు ఏ లెక్కకు చేరునో విద్యార్థులే చెప్పగలరు. దానిని అరనుండి తీసి గాలి తగులునట్లు గోడకు వ్రేలాడదీసినచో పైస ఖర్చులేకుండ ఆయువు పెరుగును. నడిగదిలో ఎత్తున ఉంచినచో రేడియోకు కూడ మేలే.

ఇప్పుడు అంగడిలోను, ఔత్సాహికుల ఇండ్లలోను కనబడు పరికరములను ఒక్కొక్కటిగ విచారింపవచ్చును.

సంస్థ వారు తీగతోపాటు ఇచ్చు పెట్టెను చులకన చేయుట ఔత్సాహికులకు వేడుక. గాజుపోగులోని వెలుతురును విద్యుత్ సంకేతముగా మార్చు భాగమును, రూటరును, వైఫైని ఒకే పెట్టెలో కూర్చియుందురు. జీపాన్ అను ఈ పద్ధతిలో ఒక పోగులోని 2.5 గిగాబిట్ల వేగమును సాధారణముగా 32 లేక 64 ఇండ్లు పంచుకొనును గనుక, ఇంటిలోని పెట్టె మార్చినందున ఆ పంపకము మారదు. ఇద్దరు ముగ్గురుండి, పాఠములు వినుటకు, సినిమాలు చూచుటకు వాడు ఇంటికి ఈ పెట్టెయే చాలునని నిష్కర్షగ చెప్పవచ్చును. దానిలోని లోపము శక్తిహీనత కాదు, పరాధీనత. సాఫ్ట్‌వేరు సవరణ ఎప్పుడు వచ్చునో, అసలు వచ్చునో రాదో వాడుకరి చేతిలో లేదు. దీనిని కేవలము వెలుతురు మార్చు పనికి పరిమితము చేసి, వెనుక సొంత రూటరును పెట్టుకొను వీలు అనేక సంస్థలు కల్పించును, అడిగి తెలిసికొనవలెను.

అటకమీది పాత కంప్యూటరును రూటరుగా మార్చవచ్చునని చెప్పువారున్నారు. నేర్చుకొనుటకు మంచిదే. కాని 60 వాట్లు త్రాగు యంత్రము ఏడాదికి 525 యూనిట్లు ఖర్చుచేయును. 6 వాట్ల చిన్న రూటరునకు 53 యూనిట్లు చాలును. యూనిట్ 7 రూపాయలనుకొన్నచో తేడా ఏడాదికి 3,300 రూపాయలు. ఉచితముగా వచ్చిన పెట్టె ఒకటి రెండేండ్లలో మంచి రూటరు వెలను మ్రింగివేయును. దాని పంకాలో దుమ్ముచేరి ఆగుట వేరు ముచ్చట.

రాస్ప్‌బెర్రీ పై మీద మోజు ఎక్కువ. 2019లో వచ్చిన నాలుగవ రూపమునకు ముందున్నవానిలో తీగ రంధ్రము యూఎస్‌బీ ద్వారా పోవుటచేత పూర్తి గిగాబిట్ వేగము రాదు. మూడవదానిలో మెరుగుపరచిన రూపము కూడ సుమారు 300 మెగాబిట్లవద్ద ఆగును. నాలుగవది ఈ దోషమును పోగొట్టినది. అయినను రూటరునకు రెండు తీగలు కావలెను: ఒకటి బయటికి, ఒకటి లోపలికి. దీనికున్నది ఒక్కటే రంధ్రము. రెండవదానిని యూఎస్‌బీతో అతికింపవలెను. ప్రాసెసరు బలమైనది, కీలు బలహీనమైనది. దీని ప్రాణము ఒక మెమరీకార్డులో నుండును. వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఆ కార్డు పాడగుట తెలిసిన సంగతియే. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వంటి సాఫ్ట్‌వేరు మూలభాగమును వ్రాయుటకు వీలులేని రీతిలో ముద్రించి, మార్పులను మాత్రము వేరుగా దాచును గనుక ఈ బాధ చాలవరకు తగ్గును. సాధారణమైన లైనక్స్‌ను ఎక్కించి వేసవి గాలిదుమారములలో నాచారపు విద్యుత్తుకు వదలుట సాహసము.

పంకాలేని చిన్న కంప్యూటర్లు, నాలుగు తీగ రంధ్రములతో, ఇంటెల్ ఎన్100 ప్రాసెసరుతో 2023 నుండి విరివిగ వచ్చుచున్నవి. శక్తికి లోటులేదు; గిగాబిట్ తీగమీద పై చికిత్సను అవలీలగా చేయగలవు. దాని ప్రాసెసరు 6 వాట్లదని ప్రకటన. కాని పెట్టె మొత్తము గోడనుండి తీయునది అంతకు మించియుండును. ఇట్టివానిలో కొత్తదనమే ఒక్కొక్కప్పుడు శత్రువగును. 2020 ప్రాంతమున ఇంటెల్ వారి ఐ225-వి అను 2.5 గిగాబిట్ల చిప్పు తొలిరూపములో ప్యాకెట్ల నడుమ విడువవలసిన ఎడము సరిగ లేక, కొన్ని స్విచ్చులతో కలిపినపుడు ప్యాకెట్లు పోయి వేగము పడిపోయినది. సాఫ్ట్‌వేరుతో దిద్దరాని తప్పు గనుక చిప్పునే మార్చవలసివచ్చెను. అంతకు ముందుతరమునకు చెందిన ఐ210, ఐ211 చిప్పులు మెల్లనివైనను ఏండ్లతరబడి నమ్మకముగ నడచినవి.

ఈ ముందుతరపు చిప్పులతో స్విట్జర్లాండులోని పీసీ ఇంజిన్స్ అను చిన్న సంస్థ చేసిన ఏపీయూ2 పలక, నమ్మదగిన చిన్న రూటరునకు చక్కని నమూనా. నాలుగు కోరుల 1 గిగాహెర్ట్జు ఏఎండీ ప్రాసెసరు, తప్పులు దిద్దుకొను మెమరీ, మూడు తీగ రంధ్రములు, పంకా లేదు, 6 నుండి 12 వాట్లు. ప్రాసెసరు వేడిని అల్యూమినియం డబ్బాకే అప్పగించినారు. చూపునకు ఇంపుగాదు, అట్టమీద గొప్పలు లేవు. గిగాబిట్ తీగను వరుసల చికిత్సతో నడుపు శక్తి దానికి లేదనుట నిజమే. ఆ సంస్థ 2023లో ఈ వరుసకు ముగింపు ప్రకటించినది. కావున నేడు దీనిని కొనుమని చెప్పుటకు వీలులేదు, కొలబద్దగా మాత్రము వాడవచ్చును.

2024 చివర ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వారే బనానా పై సంస్థచేత చేయించిన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వన్ ఆ కొలబద్దకు దగ్గరగ వచ్చుచున్నది. మీడియాటెక్ చిప్పు, 1 గిగాబైట్ మెమరీ, వైఫై 6, ఒక 2.5 గిగాబిట్ల రంధ్రము, ఒక 1 గిగాబిట్ రంధ్రము. వెలువడిన నాడు డబ్బాతో వెల 89 డాలర్లు. ఇందు మెచ్చదగినది వేగము కాదు. సాఫ్ట్‌వేరు నిలువజేయుటకు రెండు వేర్వేరు ఫ్లాష్ చిప్పులు పెట్టినారు. పెద్దదానిలోనిది చెడినచో చిన్నదానినుండి మేల్కొని తన్ను తాను బాగుచేసికొను మార్గమున్నది. చెడిపోవుట జరుగునని ముందే ఒప్పుకొని చేసిన యంత్రమిది. లోపము, లోపలికి ఒక్కటే తీగ రంధ్రముండుట. నాలుగు తీగలు కావలసినవారు వేరుగా స్విచ్చు కొనవలెను. తెప్పించుకొనుటకు రవాణా, సుంకము కలియును. ఇంత శ్రమ వలదనువారు 128 మెగాబైట్లకు తక్కువ కాని మెమరీ, 16 మెగాబైట్లకు తక్కువ కాని ఫ్లాష్, గిగాబిట్ తీగ రంధ్రములు గలిగి, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వారి పట్టికలో పేరు, రూపసంఖ్యతో సహా ఉన్న మామూలు రూటరును ఎంచుకొన్నచో, తయారుచేసినవారు విడిచిన తరువాత కూడ దానికి దిక్కుండును. 100, 200 మెగాబిట్ల చందాలు గల ఇండ్లకు ఇదియే సరియైన తీర్పు.

ఎంత మంచి రూటరైనను బయటి తీగ తెగినచో చేయగలిగినది కొద్దియే. 2025 ఆగస్టులో ఉప్పల్‌ను ఆనుకొనియున్న రామంతపూరు గోఖలే నగర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతమునకు గురియై ఐదుగురు మరణించిరి. తరువాత విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభములమీది కేబుల్ తీగలను తొలగింపనారంభించినది. నగరములో అనేక పేటలలో ఇంటర్నెట్టు నిలిచిపోయినది. వ్యవహారము హైకోర్టుకు వెళ్లినది. మనుష్యుల ప్రాణములముందు ఇంటర్నెట్టు లెక్కలోనిది కాదు. తీగలను నేలక్రింద వేయవలసిన పనిని ఏండ్లతరబడి స్తంభములకు వ్రేలాడదీసిన ఫలమది. ఇంటివరకు చూచినచో, యూఎస్‌బీ రంధ్రముండి, ఫోనునుగాని డాంగిలునుగాని రెండవ దారిగా స్వీకరించు రూటరు ఆ వారములలో తన విలువ చూపినది. ఈ గుణమునకు అట్టమీద చోటుదొరకుట అరుదు.

కరెంటు పోవుట ఇంతకంటె తరచు. 10 వాట్ల పరికరములకు 30 వాట్-గంటల చిన్న లిథియం యూపీఎస్ లెక్కప్రకారము మూడు గంటలు, వాడుకలో అంతకు కొంత తక్కువ నిలుపును. వెలుతురు మార్చు పెట్టెను దానికి తగిలింపక రూటరును మాత్రమే తగిలించువారు పలువురు. అప్పుడు దీపములు వెలుగును, ఇంటర్నెట్టు రాదు. కొన్ని అపార్టుమెంట్లలో సంస్థవారి స్విచ్చు మెట్లక్రింద నుండును. దానికి ఆధారము లేనిచో ఇంటిలోని యూపీఎస్ వృథా.

ఉన్న రూటరును తూచుటకు పాఠశాలలోనే ఒక పరీక్ష చేయవచ్చును. కంప్యూటరును తీగతో కలిపి, పింగ్ అను ఆదేశముతో దూరపు యంత్రమును పలుమార్లు పలుకరించి, జవాబు వచ్చు కాలమును వ్రాసికొనవలెను. పిదప వేరొక కంప్యూటరునుండి పెద్ద వీడియోను పైకి పంపుచు అదే కొలత మరల తీయవలెను. 10 మిల్లీసెకన్లు 20 అయినచో రూటరు బుద్ధిమంతమైనది. 800 అయినచో వరుస నిండిపోవుచున్నదన్నమాట. అదే కొలతను వైఫైమీద, ఒక గోడ అవతల, రెండు గోడల అవతల తీసి గ్రాఫుగా గీసినచో, దోషము గాలిదో, పెట్టెదో, తీగదో విడివడును. కొత్త పెట్టె కొనుటకు ముందు ఈ గ్రాఫు గీయుట ఉత్తమము. పాతదానిలో చెడినది తరచు అడాప్టరు మాత్రమే. దానిని మార్చునపుడు వోల్టు సరిగ అంతే ఉండవలెను, ఆంపియరు అంతకు తగ్గరాదు, ఎక్కువైనను హానిలేదు. సూదిలో ధనధ్రువము లోపలనో వెలుపలనో తెలుపు బొమ్మ రెంటిమీద ఒకటే కావలెను.